నీళ్లలో గుసగుస

వాటర్‌ప్రూఫ్ ఫోన్ ఉన్నవాళ్లు ఒకసారి చేసి చూడొచ్చు. బ్లూటూత్ స్పీకర్లో పాట మోగుతుండగా ఫోన్‌ను నిండు బకెట్ అడుగుకు దించండి. పాట తెగిపోతుంది. సెకనుకు 240 కోట్ల సార్లు ఊగే ఆ రేడియో తరంగాలను నీళ్లు జానెడు లోతులోనే మింగేస్తాయి. ఉప్పునీళ్లయితే మరీ అన్యాయం.

నీటి అడుగున తిరిగే రోబోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఇదే తలనొప్పి. శబ్దం దూరం పోతుంది, నిజమే. కానీ సెకనుకు 1,500 మీటర్లే దాని వేగం. పైగా లోతు తక్కువైన చోట నేలకూ నీటి ఉపరితలానికీ కొట్టుకుని వచ్చే ప్రతిధ్వనులు అసలు మాటను కలగాపులగం చేస్తాయి. లేజర్ వెలుగు సంగతి చెప్పాలంటే, బురదనీళ్లలో దాని పప్పులుడకవు.

మూడో దారి చేపలకు ఎప్పటినుంచో తెలుసు. జిమ్నార్కస్ అనే ఆఫ్రికా చేప ఒళ్లు సెకనుకు సుమారు 300 సార్లు సన్నటి విద్యుత్ స్పందనలను ఆపకుండా వదులుతుందని 1951లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త హాన్స్ లిస్‌మన్ ప్రకటించాడు. షాక్ కొట్టేంత కరెంటు కాదది. ఇలాంటి చేపలు దాంతోనే చీకట్లో దారి వెతుక్కుంటాయి, తమవాళ్లతో మాట్లాడుకుంటాయి. దక్షిణ అమెరికా చేప ఐగెన్‌మానియా మర్యాద మరీ ముచ్చటైనది. పక్కచేప ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు వదిలే స్పందనల లెక్క, తనదానికి మరీ దగ్గరగా ఉంటే, తనది కాస్త పక్కకు జరుపుకుంటుంది.

పెకింగ్ యూనివర్సిటీ పరిశోధకులు చిన్న ఈత రోబోలకు ఈ విద్యే నేర్పారు. యాంటెన్నా ఉండదు. ఒంటిమీద దూరదూరంగా రెండు లోహపు బిళ్లలుంటాయి. వాటి మధ్య వోల్టేజీ పెడితే కరెంటు చుట్టుపక్కల నీళ్లలోకి వంపులు తిరిగి పరుచుకుంటుంది. అవతలి రోబో తన రెండు బిళ్లల మధ్య పుట్టే అతి చిన్న వోల్టేజీ తేడాను పట్టుకుని, పెంచుకుని, ఒకట్లూ సున్నాలుగా చదువుకుంటుంది. వోల్టేజీని మాత్రం క్షణక్షణం అటూఇటూ తిప్పుతూనే ఉండాలి. బ్యాటరీ తీగలను ఉప్పునీళ్లలో ముంచి చూసినవాళ్లకు బుడగలు లేవడం, తీగ కొస నల్లబడటం గుర్తుండే ఉంటుంది. కరెంటు ఒకే దిక్కున పారితే బిళ్లలకూ అదే గతి.

నీళ్లనే తీగగా వాడుకోవడం నిజానికి పాత సంగతే. 1842లోనే శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్‌లో ఒక కాలువకు రెండు గట్ల దగ్గరా లోహపు పలకలు ముంచి, మధ్యలో తీగ లేకుండా టెలిగ్రాఫ్ సంకేతం దాటించాడు.

చిక్కల్లా దూరంతోనే. దూరం రెట్టింపైతే విద్యుత్ క్షేత్రం, అంటే బిళ్లల చుట్టూ నీళ్లలో పరుచుకునే విద్యుత్ ప్రభావం, 8వ వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చాలంటే కరెంటు 8 రెట్లు, దానికి పెట్టే శక్తి 64 రెట్లు కావాలి. బ్యాటరీ ఎంతకని తట్టుకుంటుంది? కాబట్టి చిన్న రోబోలకు ఇది కొద్ది మీటర్ల ముచ్చటే. ఇంకో తిరకాసూ ఉంది. వినే రోబో బిళ్లలు క్షేత్రానికి అడ్డంగా తిరిగితే, పక్కనే ఉన్నా ఏమీ వినపడదు. అందుకే మొదటి జతకు అడ్డంగా ఇంకో జత బిళ్లలు అమర్చడం మంచిది.

నన్నడిగితే, గుంపుగా ఈదే రోబోలకు ఈ పొట్టి దూరమే మేలు. పక్కవాళ్ల మాట చాలు, చెరువంతా వినక్కర్లేదు. ప్రతిధ్వని లేదు, ఆలస్యం లేదు.

అన్నట్టు, మధ్యలో రాయి అడ్డొస్తే క్షేత్రం వంపు మారిపోతుంది. మాటకు అది ఇబ్బందే, కానీ అక్కడేదో ఉందన్న కబురూ అదే. లిస్‌మన్ చేప సన్నటి రంధ్రాలున్న మట్టి పాత్రలో గాజు కడ్డీ ఉందో లేదో బయటినుంచే కనిపెట్టేది. రోబోకు కూడా అందుకు వేరే పరికరం అక్కర్లేదు, మాట్లాడే బిళ్లలే సరిపోతాయి.