"లేచి తిరిగితే అదే పోతాది": క్రానిక్ ఫెటీగ్ కౌన్సెలింగ్‌లో అపోహలు, వాస్తవాలు

అపోహ: నాలుగు పనులు చేసుకుంటే నీరసం అదే పోతుంది.

వాస్తవం: క్రానిక్ ఫెటీగ్ అంటే విశ్రాంతి తీసుకున్నా తగ్గకుండా నెలల తరబడి ఉండే విపరీతమైన నీరసపు జబ్బు. ఇందులో అతిగా హాని చేసే సలహా పైన చెప్పిన మాటే. శక్తికి మించి చేసిన పని దెబ్బ చాలాసార్లు ఆ పూట తెలియదు, 12 నుంచి 48 గంటల తర్వాత పడుతుంది. ఆదివారం పెళ్లికి వెళ్లొచ్చిన కోడలు ఆ రాత్రి బాగానే ఉంటుంది. మంగళవారం పొద్దున తల దువ్వుకోవడానికి చేయి లేవదు. పెళ్లికీ దీనికీ లంకె కనిపించక ఇంట్లోవాళ్లు "నటన" అంటారు. ఆ మాట జబ్బు కంటే ఎక్కువ కుంగదీస్తుంది. వ్యాయామాన్ని లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లోనే చెప్పింది.

మొదట రెండు వారాలు నోటుబుక్కు రాయించండి: ఏ పని, ఎంతసేపు, నిలబడా కూర్చునా, అలసట పదికి ఎంత. మంచాన పడిన రోజు నుంచి రెండు రోజులు వెనక్కి చూస్తే కారణం దొరుకుతుంది. తర్వాత పనిని ముక్కలు చేయాలి. రాగి సంగటే తీసుకోండి. బియ్యం ఉడకబెట్టడం ఆమె కూర్చుని చూసుకోవచ్చు. వంగి రెండు చేతులా తెడ్డుతో కెలకడం మాత్రం ఇంకొకరు చేయాలి. విశ్రాంతి అలసట రాకముందే తీసుకోవాలి. బాగున్న రోజున మిగిలిన పనులన్నీ ఒకేసారి చేసేయడమే అందరూ చేసే పొరపాటు.

అపోహ: పరీక్షలన్నీ నార్మల్ అంటే అంతా మనసులోనే.

వాస్తవం: దీన్ని తేల్చే రక్తపరీక్ష ఇంకా లేదు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 లోపం వంటివి కావని తేలాక, ఆరు నెలలకు పైగా ఉన్న లక్షణాలను బట్టి డాక్టరు నిర్ధారిస్తారు. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే పడుకోబెట్టి నాడి చూసి, నిలబెట్టి పది నిమిషాలు మళ్లీ చూడాలి. పక్కన మనిషి ఉండాలి. పెద్దవాళ్లలో నాడి పడుకున్నప్పటి కంటే నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే డాక్టరుకు చెప్పాలి. అనంతపురం మే నెల ఎండలో ఇది ఇంకా ముదురుతుంది. ఉప్పు మజ్జిగ పనికొస్తుంది గానీ బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే అడగకుండా వద్దు.

అపోహ: ఇది డిప్రెషనే.

వాస్తవం: "ఒంట్లో ఓపిక ఉంటే ఏం చేస్తావమ్మా?" అని అడగండి. డిప్రెషన్‌లో తరచుగా ఏదీ చేయబుద్ధి కాదు. ఈ జబ్బులో కోరికల జాబితా చెబుతారు. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. చావు ఆలోచనలుంటే ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

కౌన్సెలింగ్ జబ్బును నయం చేయదు, ఆ సంగతి మొదటిరోజే చెప్పాలి. ఒక్కోసారి కౌన్సెలింగ్‌కు కూర్చోబెట్టేది ఇరవై నిమిషాలే. పల్లె నుంచి కడపకు బస్సులో రావడానికే ఆమె శక్తి అయిపోతుంటే ఫోన్‌లోనే మాట్లాడండి. ఒక్కసారైనా అత్తను, భర్తను ఆ నోటుబుక్కు ముందు కూర్చోబెట్టి, ఆదివారం మీదా మంగళవారం మీదా వేలుపెట్టి చూపించండి.