మీటరు కేబుల్ పురి

పాత మారుతి 800కు స్పీడోమీటరు కేబుల్ కావాలని విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే కౌంటరు వెనుక మనిషి వేసే మొదటి ప్రశ్న ‘ఏ మోడలు?’ అన్నది. ‘పాతది తెచ్చారా?’ అన్నది అంతకన్నా మంచి ప్రశ్న. నేను తీసుకువెళ్ళలేదు. తెగిన కేబుల్‌ను ఇంట్లోనే పారేసి, ఉత్త చేతులతో వెళ్ళి, బండి పేరు, ఏడాది చెప్పి కొత్తది కొనుక్కొచ్చాను. అది పాతదానికన్నా జానెడు పొడవు ఎక్కువ. మిగిలిన పొడవును డాష్‌బోర్డు వెనుక మెలితిప్పి కూరేశాను. మూడు నెలలు తిరక్కుండానే అదీ తెగింది. రెండోసారి మాత్రం తెగిన ముక్కలను కాగితంలో చుట్టి దాచుకున్నాను. ఏ కేబుల్ కొనాలో, ఉన్నది ఎందుకు తెగిందో, రెండూ ఆ ముక్కల్లోనే కనిపిస్తాయి. అయితే వాటిని చదవాలంటే ఆ తీగ చేసే పనేమిటో కొంత తెలిసి ఉండాలి.

బ్రేకు కేబుల్, క్లచ్ కేబుల్ లాగుతాయి. మీటరు కేబుల్ తిరుగుతుంది. గేర్ బాక్సులో, ముందు చక్రాలు నడిపే కార్లలోనైతే సాధారణంగా డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిరుగుడును పంచే గేర్ల అమరిక) దగ్గర, చక్రాలతో పాటు తిరిగే ఒక గేరు పినియన్ అనే చిన్న పళ్ళ చక్రాన్ని తిప్పుతూ ఉంటుంది. ఆ పినియన్ నడుమ ఉన్న చదరపు రంధ్రంలో కేబుల్ కొన దూరి ఉంటుంది. పినియన్ తిరిగితే ఇన్నర్ తీగ యావత్తూ తన ఔటర్ గొట్టంలో తిరుగుతూ, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకు గోడను రబ్బరు బుష్ గుండా దాటి, మీటరు వెనుక ఉన్న మరో చదరపు రంధ్రాన్ని తిప్పుతుంది. ఇందులో కరెంటు లేదు, సెన్సరు లేదు.

కరెంటు పుట్టేది మీటరు లోపల, అదీ బ్యాటరీతో సంబంధం లేకుండా. కేబుల్ తిప్పేది ఒక చిన్న శాశ్వత అయస్కాంతాన్ని. దాని మీద, దాన్ని ఎక్కడా తాకకుండా, అల్యూమినియం గిన్నె ఒకటి బోర్లించి ఉంటుంది. గిన్నె ఇరుసుకు ముల్లు, ఆ ముల్లును సున్నా వైపు లాగిపట్టే వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటాయి. అయస్కాంతం తిరిగినప్పుడు గిన్నె గోడలో ఎడ్డీ కరెంట్లు, అంటే నీటి సుడుల్లాంటి విద్యుత్ ప్రవాహాలు, పుడతాయి. తమను పుట్టించిన కదలికను అడ్డుకోవడం వాటి స్వభావం కాబట్టి అవి గిన్నెను అయస్కాంతం వెంట లాగుతాయి. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే లాగుడు అంత ఎక్కువ. స్ప్రింగు ఎంత చుట్టుకుంటే దాని ఎదురు లాగుడు అంత ఎక్కువ. రెండూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. ఈ రెండు బలాలూ సరళంగా పెరుగుతాయి గనుకనే 20కీ 40కీ మధ్య ఎంత ఎడం ఉందో 80కీ 100కీ మధ్య కూడా ఇంచుమించు అంతే ఎడం ఉంటుంది.

ఈ లాగుడును 1824లోనే ఫ్రాన్సులో అరాగో అనే శాస్త్రవేత్త చూశాడు. తిరిగే రాగి పళ్ళెం మీద వేలాడదీసిన అయస్కాంత సూది పళ్ళెం వెంట తిరిగింది. అయస్కాంతానికి అంటుకోని రాగి ఈ పని ఎలా చేసిందో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను, అంటే మారే అయస్కాంత క్షేత్రం లోహంలో కరెంటు పుట్టించడాన్ని, కనుగొన్న తరువాతే ముడి విడింది. 1855లో ఫూకో ఈ ప్రవాహాలు లోహాన్ని వేడెక్కిస్తాయని చూపాడు; ఫ్రెంచివారు వాటిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంత తెలిసినా అది కారు డాష్‌బోర్డు మీదికి రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది: అప్పటి జర్మన్ సామ్రాజ్యంలోని స్ట్రాస్‌బుర్గ్ నగరవాసి ఒట్టో షుల్ట్సె 1902లో ఈ రకం వేగమాపకానికి బెర్లిన్‌లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఆ మూల సూత్రమే కేబుల్ ఉన్న దాదాపు ప్రతి కారు మీటరులోనూ పనిచేస్తున్నది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అల్యూమినియం వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది, సుడి ప్రవాహాలు ఆ మేరకు తగ్గుతాయి. రోహిణి కార్తె ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డాష్‌బోర్డు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు ఎక్కిందనుకుంటే నిరోధం 16 శాతం పెరిగి, 60 చూపవలసిన ముల్లు 52 దగ్గరే ఆగిపోవాలి. అలా జరగడం లేదంటే కారణం అయస్కాంతం పక్కన అమర్చిన ఒక నికెల్-ఇనుము మిశ్రమలోహపు ముక్క. చల్లగా ఉన్నప్పుడు అది అయస్కాంత క్షేత్రంలో కొంత భాగాన్ని తన గుండా మళ్ళించి వృథా చేస్తుంది. వేడెక్కినకొద్దీ ఆ గుణం తగ్గి, వృథా అయ్యే భాగం మళ్ళీ గిన్నెకు చేరుతుంది. కంటికి ఆనని ఆ ముక్కను తెలిసీ తెలియని మరమ్మతులో పీకి పారేసిన మీటరు చలికాలం ఒక మాట, వేసవిలో ఒక మాట చెబుతుంది.

ఇక అసలు విషయం. మీటరు లోపల కేబుల్ రెండు పనులు చేస్తుంది. ముల్లును అయస్కాంతం ద్వారా, పట్టీ పట్టనట్టు, లాగుతుంది. కిలోమీటర్లు లెక్కపెట్టే ఓడోమీటరును మాత్రం వార్మ్ గేర్ల (మరలాంటి పళ్ళున్న గేర్ల) ద్వారా నేరుగా తిప్పుతుంది. ఈ తేడా వల్లనే దుకాణానికి బయలుదేరే ముందు తప్పు ఎక్కడుందో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు. కిలోమీటర్ల అంకెలు కదులుతూ ముల్లు మాత్రం పడుకుని ఉంటే కేబుల్ నిక్షేపంగా ఉన్నట్టే, రోగం మీటరుది. ముల్లు లేచి అంకెలు కదలకపోతే ఓడోమీటరు పళ్ళు పోయినట్టు. రెండూ ఒకేసారి చచ్చిపోతే అప్పుడు అనుమానించవలసింది కేబుల్‌ను, లేదా దాని అడుగున ఉన్న పినియన్‌ను. పినియన్ పళ్ళు అరిగిపోయి ఉంటే ఎన్ని కేబుళ్ళు మార్చినా ముల్లు లేవదు.

తెగిన నా రెండో కేబుల్‌ను తెల్ల కాగితం మీద పరిచి భూతద్దంతో చూశాను. దూరానికి ఒకే తీగలా కనిపించేది నిజానికి పొరలు పొరలుగా చుట్టిన ఉక్కు తీగల కట్ట: నడుమ ఒక సన్నని తీగ, దాని మీద ఒక పొర కుడి పురితో, ఆ పైన మరో పొర ఎడమ పురితో, మళ్ళీ కుడి పురితో. తెగిన చోట ఆ పోగులు చీపురు కుచ్చులా విచ్చుకుని, పై పొర తీగలు ఒక పక్కన మాత్రమే అరిగి మెరుస్తున్నాయి. నేను కూరి మడిచిన వంపు సరిగ్గా అక్కడే ఉండేది.

తాడు పేనేవారికి ఈ పొరల మర్మం చెప్పనక్కరలేదు. పురి ఉన్న వైపుకే మెలిపెడితే తాడు బిగుస్తుంది, ఎదురు మెలిపెడితే పేటలు విడిపోతాయి. మీటరు కేబుల్ పై పొరను తిరిగేటప్పుడు బిగిసే దిశలో చుడతారు. దాని కింది పొర పురి ఎదురుగా ఉండడం వల్ల అది విప్పుకోవాలని చూస్తుంది. పైది బిగుస్తూ, కిందిది ఉబ్బుతూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం వల్లే అటూఇటూ వంగే ఈ తీగ మెలికను మాత్రం గట్టి కడ్డీలా మోయగలుగుతుంది. అందుకే పొడవు, కొనలు అన్నీ సరిపోయినా పురి ఎదురైన కేబుల్ పనికిరాదు. పై పొర విచ్చుకుని ఔటర్ గోడకు రాసుకుంటుంది. పాత ముక్కనూ కొత్తదాన్నీ నిలువుగా పక్కపక్కన పట్టుకుంటే పోగులు కుడికి ఎక్కుతున్నాయో ఎడమకు ఎక్కుతున్నాయో అర నిమిషంలో తెలిసిపోతుంది. కౌంటరు దగ్గర ఆ అర నిమిషం వెచ్చించేవారిని నేను పెద్దగా చూడలేదు.

ఆ తరువాత చూడవలసినవి కొనలు. ఇన్నర్ రెండు చివరలనూ చదరంగా అదిమి ఉంటారు. ఒక కొన గేర్ బాక్సు పినియన్‌కు, మరొకటి మీటరుకు సరిపోవాలి. చదరం కొంచెం సన్నమైతే కొన్నాళ్ళు తిరిగి, అంచులు గుండ్రమై, రంధ్రంలో జారడం మొదలుపెడుతుంది. ఔటర్ చివరల్లో కొన్నిటికి మర నట్లు, కొన్నిటికి నొక్కితే పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. పొడవు కొలిచేటప్పుడు ఔటర్‌ను, ఇన్నర్‌ను విడివిడిగా కొలవాలి. మీటరు వైపు ఇన్నర్ బయటికి వచ్చే భాగం సాధారణంగా 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అది తక్కువైతే గతుకులో రంధ్రం నుంచి జారిపోతుంది. ఎక్కువైతే మీటరు లోపలి ఇరుసును అస్తమానం పొడుస్తూ, అయస్కాంతాన్ని పైకి నెట్టి గిన్నెకు రాపిస్తుంది.

కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలన్నది మీటరుకూ పినియన్‌కూ మధ్య ఒప్పందం, కేబుల్‌కు అందులో వాటా లేదు. జపాన్ ప్రమాణం ప్రకారం కారు మీటరుకు కిలోమీటరుకు 637 చుట్లు. అమెరికన్ కార్లలో వాడుక మైలుకు 1000, అంటే కిలోమీటరుకు సుమారు 621. మారుతి 800కు వాడే 145/70 ఆర్12 టైరు (వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 12 అంగుళాలు) వ్యాసం కాగితం మీద 508 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 1.6 మీటర్లకు కాస్త తక్కువ. అంటే చక్రం కిలోమీటరుకు సుమారు 627 చుట్లు తిరుగుతుంది. సుజుకి నమూనా మీద వచ్చిన ఆ కారుకు జపాన్ లెక్కే పెట్టుకుంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి కేబుల్ కూడా దాదాపు ఒక చుట్టు తిరగాలి. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర అది సెకనుకు పది చుట్ల పైమాట. లక్ష కిలోమీటర్లకు 6 కోట్ల 37 లక్షల చుట్లు. వంపులో ఉన్న తీగ ప్రతి చుట్టుకూ ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగుతుంది. ఇనుప తీగను పదేపదే వంచి విరవడం చిన్నప్పుడు అందరూ చేసిన పనే. వంపు ఎంత కురచదైతే తీగ అంత తొందరగా అలిసి తెగుతుంది. అందుకే కేబుల్ దారిలో 150 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా కురచ వంపు ఉండరాదని, నట్టుకు 50 మిల్లీమీటర్ల లోపల అసలే వంచరాదని పాత బ్రిటిష్ కార్ల మాన్యువళ్ళు హెచ్చరిస్తాయి. నా జానెడు ఎక్కువ కేబుల్ ఈ రెండు హద్దులనూ దాటింది.

కేబుల్ మంచిదే అయినా టైరు మారితే ముల్లు మాట మారుతుంది. అదే రిమ్ముకు 145/80 టైరు తొడిగితే వ్యాసం 537 మిల్లీమీటర్లై, ముల్లు 60 చూపేటప్పుడు బండి 63 దాటి పోతూ ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటరు ఉన్న వేగం కన్నా ఎక్కువ చూపవచ్చు గానీ తక్కువ చూపకూడదు. కొత్త కార్ల మీటర్లు కాస్త ఎక్కువ చెప్పడానికి మూలం ఇదే.

కేబుల్ తెగే ముందు ముల్లు వణుకుతుంది. 20, 30 దగ్గర మరీ ఎక్కువగా ఎగిరిపడుతుంది. గ్రీజు ఎండిపోయిన చోట ఇన్నర్ ఔటర్‌కు పట్టుకుంటుంది. గేర్ బాక్సు వైపు కొన తిరుగుతూనే ఉంటుంది గనుక తీగ స్ప్రింగులా మెలిక కూడగట్టుకుని, పట్టు తప్పగానే ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. ఫిడేలు తీగ మీద కమాను పట్టి విడిచే తీరు కూడా ఇదే, ఇక్కడ స్వరం మాత్రం ఉండదు. ఇన్నర్‌ను బయటికి లాగి, రెండు కొనలనూ పట్టుకుని ఉయ్యాలలా వేలాడదీసి వేళ్ళతో నెమ్మదిగా తిప్పితే, బాగున్న తీగ నున్నగా తిరుగుతుంది. ఎక్కడైనా నొక్కు ఉంటే ఆ చోటుకు రాగానే టక్కున ఎగురుతుంది. ఎగిరే తీగకు గ్రీజు మందు కాదు.

గ్రీజు రాయడంలోనూ ఒక మెలకువ ఉంది. పై పొర పురి మరచుట్టులా ఉండడం వల్ల తిరిగే తీగ గ్రీజును కొంచెం కొంచెంగా మీటరు వైపు ఎక్కించగలదు, ఆర్కిమెడీస్ మర నీరు తోడినట్టు. గ్రీజు గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య చేరితే ముల్లు 40 దగ్గర మొదలై 120కి అతుక్కుంటుంది. కాబట్టి మీటరు వైపు జానెడు పొడవును పొడిగా వదిలి, మిగతాదానికి పల్చగా రాయాలి.

పాత కార్లకు కంపెనీ పెట్టెలో వచ్చిన కేబుల్ దొరికితే అదృష్టమే. లేకుంటే పాత ముక్క ఇచ్చి కొలతకు చేయించుకోవడమే, పేరు చెప్పి కొనడం కన్నా నయం. తెగినదాన్ని గ్యాసు పెట్టి అతికించేవారు ఉన్నారు గానీ, ఆ వేడికి ఉక్కు పదును పోయి అతుకు పక్కనే మళ్ళీ తెగుతుంది. కొత్తది బిగించే ముందు మీటరు వెనుక చదరపు రంధ్రంలో పాత ముక్క కొనను పెట్టి వేళ్ళతో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరగకపోతే మీటరు పట్టేసిందన్న మాట. అలాంటి మీటరు ఎంత మంచి కేబుల్‌నైనా మెలిపెట్టి తెంపుతుంది.

మూడో కేబుల్ నేను అలా చేయించినదే. జాకీ ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పుతూ మీటరు వైపు కొనను చూడమని మా అబ్బాయికి చెప్పాను. రెండు చుట్లు తిప్పితే ఒక్కటే తిరుగుతోందని వాడు లోపలి నుంచి అరిచాడు. కంగారు పడ్డాను. తరువాత గుర్తొచ్చింది: రెండో చక్రం నేల మీదే ఉంది, ఒక చక్రం ఆగి ఉంటే డిఫరెన్షియల్ రెండో చక్రంలో సగం వేగంతోనే తిరుగుతుంది, పినియన్‌ను తిప్పేది ఆ డిఫరెన్షియలే. నట్టు బిగించి రోడ్డెక్కాక ముల్లు వణకకుండా లేచింది. మీటరు పనిచేయని రోజుల్లో తిరిగిన దూరాన్ని పెట్రోలు రసీదులను బట్టి లెక్కగట్టి, సుమారు 400 కిలోమీటర్లని, బండి పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాను.