జడలా అల్లితే నిప్పు దారి తప్పుతుంది

మా ఇంట్లో నాన్నగారి కాలం నాటి అంబాసిడర్ ఒకటుంది. పెట్రోలు బండి, 1489 సీసీ ఇంజన్. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం బానెట్ ఎత్తి, లోపలంతా కాస్త సర్దుదామని కూర్చున్నాను. కళ్లకు బాగా అడ్డం తగిలినవి ప్లగ్ వైర్లు, అంటే సిలిండర్లలో పెట్రోలు అంటించే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు మోసుకెళ్లే తీగలు. ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీంచి బయల్దేరి నాలుగూ నాలుగు తీర్ల వంకర్లు తిరుగుతూ ప్లగ్గుల దాకా పోతున్నాయి. రాణిగంజ్‌లో కేబుల్ టైల ప్యాకెట్ కొనుక్కొచ్చి, నాలుగింటినీ పక్కపక్కన చేర్చి, ఆడపిల్ల జడలా బిగించాను. ఫొటో తీసి మా బావకు పంపాను కూడా.

తొలకరి పడ్డ వారమే బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. పికప్ లేదు. యాక్సిలరేటర్ తొక్కితే, గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌లోంచి ఠప్పుమని చప్పుడు. వెనకున్న ఆటో అతని హారన్ సంగతి సరేసరి.

ఎలాగో ఈడ్చుకుంటూ మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు చేర్చాను. ఆయన బానెట్ ఎత్తి ఒక్క క్షణం చూశాడు. "గిట్ల జడేసిన్రేంది సార్? నీటుగనే ఉంది గానీ, నిప్పుకు దారి జూపెట్టినట్టయింది" అన్నాడు. షట్టర్ సగం దించి, లైటార్పి, ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా తెచ్చి వైర్ల మీద సన్నగా జల్లాడు. చేతులు వెనక్కి పెట్టుకొమ్మని నాకు చెప్పి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. చీకట్లో ఆ జడ పొడవునా నీలి రంగు పురుగులు పాకినట్టు వెలుగు. నేను గట్టిగా బిగించిన మూడో కేబుల్ టై దగ్గర, ఒక వైరు నుంచి పక్క వైరుకు టిక్ టిక్ మంటూ చిన్న మెరుపు దూకుతోంది.

బండిలో బ్యాటరీ 12 వోల్టులదే కదా, మరి రబ్బరు తొడుగును దాటుకుని దూకేంత బలం ఎక్కడిది? వోల్టేజీ పెంచే ఇగ్నిషన్ కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి. లావు తీగ చుట్టలో కొన్ని వందల చుట్లు, సన్న తీగ చుట్టలో దానికి సుమారు వంద రెట్లు. 12ని వందతో హెచ్చవేస్తే 1200 వోల్టులే వస్తాయి, అది చాలదు. అసలు కిటుకు డిస్ట్రిబ్యూటర్‌లో స్విచ్‌లా కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్ల దగ్గరుంది. మన మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్నీ డెల్కో అంటుంటారు. అది అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1909లో పెట్టిన కంపెనీ పేరు. పాయింట్లు మూసుకున్నంతసేపూ లావు చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం కట్టుకుంటుంది. అవి ఠక్కున విడిపోగానే ఆ క్షేత్రం కూలిపోతుంది. పరుగెత్తే బస్సుకు సడన్ బ్రేకు వేస్తే లోపలి జనమంతా ముందుకు తూలినట్టు, ఆ కూలిన క్షణంలో లావు చుట్టలోనే రెండు మూడు వందల వోల్టులు పుడతాయి. సన్న చుట్టలో దానికి వంద రెట్లంటే ఇరవై, ముప్ఫై వేలు.

అయితే ప్రతిసారీ అంతవరకూ పెరగదు. ఎక్కడో ఒకచోట దూకడానికి దారి దొరికేదాకా వోల్టేజీ పెరుగుతూ పోతుంది, దొరకగానే అక్కడితో ఆగిపోతుంది. మనం ఆశించే దారి ప్లగ్గు కొనలో ఉన్న 0.6 మిల్లీమీటర్ల సందు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు దాటాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి. సిలిండర్‌లో గాలీ పెట్రోలు ఆవిరీ నొక్కుకుని ఉంటాయి కాబట్టి అదే సందుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. ఈలోగా ఇంకెక్కడైనా అంతకన్నా తేలికైన దారి కనిపిస్తే, అంటే పగిలిన తొడుగు, దాని మీద తడిసిన దుమ్ము, దాన్ని ఆనుకుని పక్క వైరు ఉంటే, నిప్పు అటే పోతుంది. నేను చేసిన పని సరిగ్గా అదే, దారి సుగమం చేయడం.

పోతే పోయింది, ఒక స్పార్క్ వృథా అనుకోవచ్చు. ఠప్పుమనడం ఎందుకు? అంబాసిడర్‌లో సిలిండర్లు 1, 3, 4, 2 వరుసలో మండుతాయి. మూడో సిలిండర్‌లో నిప్పు పడే వేళకు, తర్వాతి వంతు కోసం చూస్తున్న నాలుగో దాని పిస్టన్ అట్టడుగున ఉంటుంది. లోపల పెట్రోలు గాలి నిండి ఉంది, ఇంకా నొక్కుకోలేదు. నొక్కుకోలేదు కాబట్టి అక్కడ స్పార్క్ దూకడానికి తక్కువ వోల్టేజీ సరిపోతుంది. పైగా పెట్రోలు గాలిని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ ఇంకా పూర్తిగా మూసుకోదు. మూడో వైరులోంచి నాలుగో వైరులోకి కారిన నిప్పు అక్కడ అంటుకుంటే, మంట తెరిచి ఉన్న వాల్వ్ గుండా వెనక్కి కార్బ్యురేటర్‌లోకి తన్నుతుంది. అదే నాలుగు నుంచి మూడుకు కారితే పెద్ద గొడవ లేదు, మూడో దానిలో అప్పటికే మండిపోయి ఉంటుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగే వేగం దగ్గర నాలుగు సిలిండర్లకూ కలిపి సెకనుకు వంద స్పార్కులు పడతాయి. తప్పు జరగడానికి అవకాశాలు ఎన్నో చూడండి.

తొడుగు నిక్షేపంగా ఉన్నా ఇంకో పేచీ ఉంది. ఒక తీగలో కరెంటు ఒక్కసారిగా మారితే, పక్కన సమాంతరంగా పోయే తీగలో తాకకుండానే కొంత వోల్టేజీ పుడుతుంది. ఎనిమిది సిలిండర్ల అమెరికన్ బండ్ల వాళ్లకు ఇది పాత తలనొప్పి. షెవర్లే స్మాల్ బ్లాక్ ఇంజన్ వరుస 1-8-4-3-6-5-7-2. అందులో 5, 7 పక్కపక్క సిలిండర్లు, వెంటవెంటనే మండుతాయి. అందుకే ఆ రెండు వైర్లనూ పనిగట్టుకుని దూరం చేస్తారు. మన నాలుగు సిలిండర్ల బండ్లలో ఈ బెడద తక్కువే. నన్నడిగితే ముందు చూడాల్సింది తొడుగును.

వరుస తెలిశాక వైర్లు సర్దడం చిన్న పొడుపుకథలా ఉంటుంది. 1, 3, 4, 2లో వెంటవెంట రాని జంటలు రెండే: 1తో 4, 2తో 3. దువ్వెన పళ్లలాంటి ప్లాస్టిక్ క్లిప్పులో నాలుగు వైర్లూ పెట్టాలంటే ఒకటీ నాలుగూ ఒకపక్క, రెండూ మూడూ ఇంకోపక్క పెట్టొచ్చు. మధ్యలో మాత్రం ఎలా తిప్పినా ఒక వెంటవెంట జంట ఎదురుబొదురు పడుతుంది. కాగితం మీద వేసి చూడండి, తప్పించడం కుదరదు. అక్కడ ఒక పన్ను ఖాళీ వదిలితే సరి. మిగతాచోట్ల వైరుకూ వైరుకూ మధ్య వేలు దూరేంత సందు చాలు. ఒకదాన్నొకటి దాటక తప్పనిచోట అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించాలి. లంబంగా ఉన్న తీగ మీద పక్క తీగ అయస్కాంత ప్రభావం దాదాపు సున్నా.

మలుపుల సంగతి నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచింది. వైరు చుట్టూ పగటిపూట కంటికి కనిపించని ఆ నీలి వెలుగు గాలిలోని ఆక్సిజన్‌ను కొంత ఓజోన్‌గా మారుస్తుంది. జిరాక్స్ షాపులో వచ్చే ఘాటు వాసన లాంటిదే. ఓజోన్ సహజ రబ్బరు అణువుల గొలుసులను తెంపుతుంది. అయితే రబ్బరు సాగి ఉన్నచోటే పగుళ్లు పడతాయి, వదులుగా ఉన్నచోట పడవు. వైరును మడతపెట్టినట్టు వంచితే మలుపు బయటి అంచు సాగుతుంది, అక్కడ సన్న పగుళ్లు వరుసగా లేస్తాయి. నా కేబుల్ టైల దగ్గర భూతద్దంలో చూస్తే ఎండిన చెరువు అడుగులా ఉంది. సిలికాన్ తొడుగు ఓజోన్‌కూ వేడికీ బాగా తట్టుకుంటుంది. వేడి విషయంలో అంబాసిడర్ వాళ్లం అదృష్టవంతులం. ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటర్ ఒకపక్క, వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అవతలిపక్క.

నాలుగు వైర్లకే ఇంత గోలైతే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పురమాయించిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ గుర్తొస్తుంది. ఆ మోడల్‌కు ఆరు సిలిండర్లు, సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు, మొత్తం పన్నెండు వైర్లు. వాటిని సర్దిన ఆ కాలపు మెకానిక్కుకు ఓ దండం.

పాత రాగి తీగ వైర్లు తీసేసి కార్బన్ కోర్, అంటే లోపల రాగికి బదులు కార్బన్ ఉన్నవి వేయించాను. 1887లో హైన్రిష్ హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించింది స్పార్కుతోనే. అంటే రాగి వైర్లున్న పాత బండి ప్రతిదీ నడుస్తున్నంతసేపూ ఒక చిల్లర రేడియో స్టేషన్. కార్బన్ వైరులోని నిరోధం ఆ అలజడిని అణిచేస్తుంది. మా బండిలోని పాత మీడియం వేవ్ సెట్టులో 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ పెడితే, ఇన్నాళ్లూ వార్తలతోపాటు పల్లీలు వేయిస్తున్న చప్పుడు వినిపించేది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పల్లీలు ఇంకా వేగంగా వేగేవి. ఇప్పుడు వార్తలొక్కటే.

కొత్త సెట్టులో మూడో సిలిండర్ వైరు నాలుగంగుళాలు పొడుగొచ్చింది. కత్తిరిద్దామా అని అడిగితే మెకానిక్ వద్దన్నాడు. ఇంజన్ ఊగినప్పుడు లాగకుండా ఆ వదులు ఉండాలట. పెద్ద సున్నాలా వంచి క్లిప్పులో పెట్టాడు. బానెట్ ఎత్తినప్పుడల్లా ఆ సున్నా కంటికి కొడుతూనే ఉంది. బావకు మాత్రం ఇంకా కొత్త ఫొటో పంపలేదు.