జర్మన్ మధ్యలో మానేయాలనిపిస్తున్నవారికి: అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో జర్మన్ నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది నర్సులు. పొగతోట ఆసుపత్రుల్లో డ్యూటీ దిగి నేరుగా తరగతికి వచ్చేవాళ్ళు కొందరు, కావలి, ఒంగోలు నుంచి ఫోనులో పాఠం వినేవాళ్ళు మరికొందరు. జర్మనీలో ఎమ్మెస్ చేయాలనుకునే ఇంజనీరింగ్ పిల్లలూ ఉంటారు. తెలివి చాలక చదువు ఆపేసినవారు వీళ్ళలో నాకు ఇంతవరకు కనబడలేదు. ఎవరో చెప్పిన మాటను నమ్మి, తమవల్ల కాదని తేల్చుకుని వెళ్ళిపోయినవారే ఎక్కువ. అందుకే ఆ మాటల సంగతి రాస్తున్నాను.

అపోహ: ఉత్సాహం ఉన్నప్పుడే పుస్తకం పట్టాలి. మనసు లేకుండా కూర్చుంటే బుర్రకెక్కదు.

వాస్తవం: ఉత్సాహం చాలాసార్లు పని మొదలుపెట్టిన తర్వాతే వస్తుంది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున, బారా షహీద్ దర్గా రొట్టెల పండుగలో, చదువు కోసం, ఉద్యోగం కోసం, విదేశాలకు వెళ్ళాలనే కోరికతో రొట్టె అందుకునేవాళ్ళను ఏటా చూస్తుంటాం. అంత బలమైన కోరిక నా విద్యార్థులందరిలో ఉంది. తరగతి దాకా నడిపించింది అదే. అయితే ఈ రాత్రి నైట్ డ్యూటీకి వెళ్ళేలోపు దొరికిన ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో ఆ కోరిక చెప్పదు. దానికి చేతిలో ఒక చిన్న పని ఉండాలి, అది ఈ రోజే ముగిసిపోయేదై ఉండాలి.

మా తరగతిలో ఒక స్టాఫ్ నర్సు ఏం చేస్తుందో చెబుతాను. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు రోగుల వివరాలు అప్పగిస్తారు కదా, దాన్ని జర్మన్‌లో ‘ఊబర్‌గాబె’ అంటారు. ఆమె రోజూ ఒక రోగిని ఊహించుకుని, ఆ అప్పగింత జర్మన్‌లో చెప్పి, రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపుతుంది. మంచం నంబరు, జ్వరం, బీపీ, షుగర్, రాత్రి తిన్నారా, నిద్రపోయారా, అంతే. మొదట్లో అంకె వచ్చిన ప్రతిచోటా ఆగిపోయేది. జర్మన్‌లో ఎనభై నాలుగును ‘నాలుగూ ఎనభై’ అన్న వరసలో ‘ఫియర్-ఉంట్-ఆఖ్ట్‌సిష్’ అంటారు. విన్నవాళ్ళ చేయి 48 అని రాసేస్తుంది. బీపీ చార్టులో అది చిన్న పొరపాటు కాదు. అందుకని ఆమె బస్సులో వెళ్తూ కనబడిన బండి నంబర్లన్నీ జర్మన్‌లో చదవడం మొదలుపెట్టింది. కొన్ని వారాలకు అంకెల దగ్గర తడబాటు పోయింది. తన పాత మెసేజ్‌ను, కొత్త మెసేజ్‌ను పక్కపక్కన వినిపించినప్పుడు ఆమె ముఖంలో వచ్చిన వెలుగును నేను ఏ ఉపన్యాసంతోనూ తెప్పించలేను.

అపోహ: జర్మన్‌లో మొదటి రెండు స్థాయిలు ఎ1, ఎ2 చకచకా అయిపోయాయి. తర్వాతి స్థాయి బి1లో కదలిక లేదు. అంటే నా శక్తి ఇంతే.

వాస్తవం: ఎక్కువమంది మానేసేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. జర్మన్ పరీక్షలు నిర్వహించే గోథె ఇన్‌స్టిట్యూట్ పదాల జాబితాలు చూడండి. ఎ1కు సుమారు 650 మాటలు, ఎ2కు సుమారు 1,300, బి1కు సుమారు 2,400. మెట్టు మెట్టుకూ బరువు దాదాపు రెట్టింపవుతోంది. పైగా మొదట నేర్చుకునేవి ‘ఉండు, వెళ్ళు, నీళ్ళు, ఇల్లు’ లాంటి మాటలు. ఇవి ప్రతి వాక్యంలోనూ ఎదురవుతాయి కనుక, పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికే అక్కరకొస్తుంది. బి1లో నేర్చుకునే ‘బీమా, ఫిర్యాదు, ఒప్పందం’ వారానికోసారి కూడా తగలకపోవచ్చు. మీరు ముందుకు వెళ్తూనే ఉంటారు, ఆ సంగతి మీకు కనబడదంతే.

అందుకే ఈ దశలో కొలత మార్చాలి. ఎన్ని మాటలు వచ్చాయని లెక్కపెట్టుకుంటే నీరసమే మిగులుతుంది. ఒక ఆడియోను ఈ నెల విని, అర్థమైన మేరకు తెలుగులో రాసి పెట్టుకోండి. వచ్చే నెల అదే విని మళ్ళీ రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు జర్మన్ కష్టం. ముందు ఇంగ్లీషు బాగుపడాలి.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు దీన్ని నమ్మి, తరగతిలో నోరు తెరవడానికే జంకుతున్నారు. ‘రోగికి మందు ఇచ్చాను’ అన్నప్పుడు ‘కి’ చేసే పనిని జర్మన్‌లో పదం ముందుండే చిన్న మాట, ‘డెర్’ నుంచి ‘డెమ్’గా మారి, చేస్తుంది. విభక్తి అనే ఆలోచన మనకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ‘నాకు ఒంట్లో బాగాలేదు కాబట్టి’ అనే ఉపవాక్యాన్ని ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’ అంటారు, క్రియ చివరికి పోతుంది. తెలుగువాళ్ళకు అదే సహజమైన చోటు. ఇంగ్లీషు వరసకు అలవాటైనవాళ్ళు దాన్ని మధ్యలో పెట్టి తప్పుతారు. జర్మన్ ‘ట్సెట్’ (Z) అక్షరం ధ్వని కూడా మనం ‘చాలా’ అనేటప్పుడు పలికే ‘చ’కు దగ్గరిదే. ఒక్క లింగం మాత్రం కష్టమే, బల్ల పుంలింగం ఎందుకయిందో ఎవరూ చెప్పలేరు. నామవాచకాన్ని, దాని ముందుండి లింగం తెలిపే ఆ చిన్న మాటతో కలిపి నేర్చుకోవడమే దారి.

అపోహ: నిన్న చదివింది ఈ రోజు గుర్తుండటం లేదు, నా జ్ఞాపకశక్తి మంచిది కాదు.

వాస్తవం: హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, మరుపును కొలిచి, 1885లో ఫలితాలు ప్రచురించాడు. చదివిన మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుందని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందని తేలింది. కాబట్టి మరచిపోవడం అందరికీ ఉన్నదే. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి పాత పేజీ తిప్పండి. ఒక్కసారే నాలుగు గంటలు కూర్చోవడం కన్నా ఇది ఎంతో మేలు.

అపోహ: 21 రోజులు విడవకుండా చేస్తే అలవాటైపోతుంది. ఒక్క రోజు తప్పినా మళ్ళీ మొదటికి రావాలి.

వాస్తవం: యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే తేలింది. ఫోను ఆప్‌లో వరస రోజుల లెక్క తెగిపోయిందని చదువే వదిలేసినవాళ్ళు దయచేసి ఈ పేరా మళ్ళీ చదవండి. నైట్ డ్యూటీల వారం వస్తుంది, ఇంట్లో పెళ్ళి వస్తుంది, జ్వరం వస్తుంది. మర్నాడు కూర్చోండి, చాలు.

అపోహ: మూడు నెలల్లో ధారాళంగా మాట్లాడవచ్చు.

వాస్తవం: ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న తమ దౌత్య సిబ్బందికి, అదే పనిగా చదివించినా, జర్మన్‌కు సుమారు 36 వారాలు పడుతుందని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. ఉద్యోగం చేసుకుంటూ చదివే మనకు ఇంకా ఎక్కువే కావాలి. మూడు నెలల మాట నమ్మి చేరినవాళ్ళకు నాలుగో నెలలో కలిగే నిరాశ అంతా ఇంతా కాదు.

వయసు గురించి ఒక్క మాట. ఉచ్చారణలో చిన్నపిల్లలకు మేలు ఉన్నమాట నిజమే. వ్యాకరణం అర్థం చేసుకోవడంలో, మొదటి దశల్లో, పెద్దవాళ్ళే వేగం. ఒంగోలువాళ్ళకు బాగా తెలిసిన అమెరికా మిషనరీ క్లౌ దొర 1865లో నెల్లూరికి వచ్చేనాటికి ముప్ఫయికి దగ్గరపడినవాడు. ఆ వయసులోనే తెలుగు నేర్చుకున్నాడు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. రోజూ ఆ మనుషులతోనే పని. నలభైల్లో ఉన్న నర్సులు నన్ను అడిగినప్పుడు ఆయన సంగతే చెబుతాను.

అపోహ: పరీక్షలో ఒక్కటి పోతే అంతా పోయినట్టే.

వాస్తవం: గోథె బి1, బి2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ వేర్వేరు భాగాలు. ఒక్కోదానిలో వందకు 60 రావాలి. వినడం పోతే అది ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు, మిగతావి నిలిచే ఉంటాయి. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపుకు సాధారణంగా బి2 అడుగుతారు కాబట్టి, ఈ వెసులుబాటును ముందే తెలుసుకుని ప్రణాళిక వేసుకోండి. గోథె కేంద్రం మనకు దగ్గర్లోని చెన్నైలో ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. ఫలితం వచ్చిన రోజు ఏడ్చి పుస్తకాలు అటక మీద పెట్టేసేముందు, పోయిన భాగం ఏదో చూసి, దానికి మాత్రమే ఎన్ని వారాలు కావాలో మీ ఉపాధ్యాయులను అడగండి. ఎక్కువగా పోయేది వినడమే. దానికి నేను చెప్పే పద్ధతి ఒకటే: రోజుకు ఒక నిమిషం ఆడియో, మొదట కాగితం చూడకుండా, తర్వాత చూస్తూ, చివర మళ్ళీ చూడకుండా.