సగం వేరు, సమతూకం వేరు

అట్టను త్రిభుజంలా కత్తిరించి స్కేలు అంచు మీద పడిపోకుండా నిలపాలంటే, స్కేలును త్రిభుజ భూమికి సమాంతరంగా ఎంత ఎత్తులో పెట్టాలి? వైశాల్యం చెరి సగం అయ్యేచోట అనిపిస్తుంది. కానీ అక్కడ పెడితే అట్ట ఒరిగిపోతుంది.

భూమి, ఎత్తు రెండూ 30 సెంటీమీటర్లున్న త్రిభుజాన్ని తీసుకుందాం. అట్ట మందం అంతటా ఒకటే. దాన్ని భూమికి సమాంతరంగా సన్నటి పట్టీలుగా చీల్చినట్టు ఊహించుకోండి. అడుగున పట్టీ పొడవు 30, ఒక సెంటీమీటరు పైన 29, శిఖరం దగ్గర సున్నా. ప్రతి పట్టీ వైశాల్యాన్నీ భూమి నుంచి దాని ఎత్తుతో గుణిస్తే ఆ పట్టీ భ్రామకం వస్తుంది. పట్టీల మందాన్ని సున్నాకు చేరువ చేస్తూ ఈ భ్రామకాలన్నీ కూడడమే సమాకలనం. ఇక్కడ మొత్తం 4500 వస్తుంది. త్రిభుజ వైశాల్యం 450. భాగిస్తే 10. అంటే ద్రవ్యరాశి కేంద్రం, అంటే అట్ట సమతూకంగా నిలిచే బిందువు, భూమికి 10 సెంటీమీటర్ల ఎత్తులో, సరిగ్గా మూడో వంతు దగ్గర ఉంది.

ఇప్పుడు ఆ ఎత్తులో భూమికి సమాంతరంగా గీత గీసి, దాని వెంటే అట్టను కోసి చూడండి. పై ముక్క 200 చదరపు సెంటీమీటర్లు, కింది ముక్క 250. ఇంత తేడా ఉన్నా తూగుతున్నాయి! తూగుడుబల్ల మీద బరువైన పిల్లవాడు మధ్యకు జరిగి కూర్చుంటే అవతలి చివర ఉన్న బక్కపిల్లవాడితో సరితూగుతాడు కదా, అదే సంగతి. పై ముక్క చిన్నదైనా దాని ద్రవ్యరాశి కేంద్రం గీతకు సుమారు 6.67 సెంటీమీటర్ల దూరంలో ఉంది, కింది ముక్కది 5.33 దూరంలోనే ఉంది. గుణించి చూస్తే రెండు వైపులా ఒకటే, దాదాపు 1333. వైశాల్యాన్ని చెరి సగం చేసే గీత మాత్రం ఇంకా కిందికి, సుమారు 8.8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నా దృష్టిలో ద్రవ్యరాశి కేంద్రం గురించిన అసలు విషయం ఇదే. సూత్రం బట్టీ పట్టినవాళ్లకు ఇది కనిపించదు.

అర్ధవృత్తానికీ ఇదే పద్ధతి. అడ్డంగా చూస్తే ద్రవ్యరాశి కేంద్రం సౌష్ఠవ రేఖ (ఆకారాన్ని ఒకేలాంటి రెండు సగాలుగా చేసే గీత) మీదే ఉంటుంది కాబట్టి సగం లెక్క చేయనక్కర్లేదు. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే భ్రామకాల మొత్తం సుమారు 666.7, వైశాల్యం 157.1. భాగిస్తే వ్యాసం నుంచి 4.24 సెంటీమీటర్లు.

దీన్ని సరిచూసుకోవడానికి ఒక చక్కటి దారి ఉంది. 4వ శతాబ్దపు అలెగ్జాండ్రియా గణితవేత్త పాపస్ పేరుతో ఉన్న సిద్ధాంతం ప్రకారం, ఆకారాన్ని ఒక అక్షం చుట్టూ తిప్పితే ఏర్పడే ఘనపరిమాణం, దాని వైశాల్యాన్ని ద్రవ్యరాశి కేంద్రం తిరిగిన దూరంతో గుణిస్తే వచ్చేదే. అయితే అక్షం ఆ ఆకారాన్ని ఖండించకూడదు. అర్ధవృత్తాన్ని వ్యాసం చుట్టూ తిప్పితే గోళం వస్తుంది. 157.1ని 4.24 వ్యాసార్ధం ఉన్న వృత్తం చుట్టుకొలతతో గుణించండి. దాదాపు 4189 ఘన సెంటీమీటర్లు, అచ్చంగా ఆ గోళం ఘనపరిమాణమే.