ఫైర్ పిట్: మంట తగ్గింది కదా, ఇక పడుకోవచ్చా?

చలి మొదలైందంటే చాలు, మా ఆఫీసుకు ఒకే రకం ఫోన్లు. "పెరట్లో ఫైర్ పిట్ పెడితే కేసవుతుందని పక్కింటాయన అంటున్నాడండీ, నిజమేనా?" "షాపులో అమ్ముతున్నారంటే పర్మిషన్ ఉన్నట్టే కదా?" ఫైర్ పిట్ అంటే చలి కాచుకోవడానికి ఆరుబయట మంట వేసుకునే గుంట లేదా పాత్ర. అమెరికాలో ఒక నగర అగ్నిమాపక శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాను. అడిగేవాళ్ళ మీద నాకు విసుగు లేదు, అడుగుతున్నారంటే జాగ్రత్తపడేవాళ్ళన్నమాట. నా విసుగంతా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే జవాబుల మీదే.

అపోహ: "మంట ఆరిపోయింది, ఇక మన పని అయిపోయింది."

మనుషులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మంట పూర్తిగా ఆరేదాకా పక్కనే మనిషి ఉండాలని ఫైర్ కోడ్, అంటే అగ్నిభద్రతా నియమావళి, చెబుతుంది. మంట కనబడకపోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. కట్టెలు కాలి బొగ్గయ్యాక పైన నివురు పేరుకుంటుంది. అది దుప్పటిలా కప్పి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. రాత్రి వదిలేసిన పిట్‌లో తెల్లారేసరికి కణికలు బతికే ఉంటాయి, ఒక్కోసారి రెండు మూడు రోజులు కూడా. గాలి లేచిందా, అవి మళ్ళీ రాజుకుంటాయి.

ఒకింట్లో శనివారం రాత్రి చుట్టాలంతా పిట్ చుట్టూ కూర్చున్నారు. ఆదివారం సాయంత్రం బూడిద ఎత్తి అట్టపెట్టెలో పోసి, గ్యారేజీ గోడ వారగా పెట్టారు. అర్ధరాత్రి గోడ అంటుకుంది. పొగ అలారం మోగబట్టి అందరూ బయటపడ్డారు. "చెయ్యి పెట్టి చూశానండీ, చల్లగానే ఉంది" అని ఆ ఇంటావిడ ఏడుస్తూ చెప్పింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పైపొర చల్లగానే ఉంది. ఇది నిర్లక్ష్యం కాదు, ఎవరూ ఆవిడకు చెప్పలేదు, అంతే. పొద్దున్నే పెరట్లోకి పరిగెత్తిన పసిపిల్లలు బూడిదలో చేతులు పెట్టి కాల్చుకోవడం కూడా ఇలాగే జరుగుతుంది.

"ఇసుక కప్పేశాం" అంటారు కొందరు. మంట ఎగసినప్పుడు అణచడానికి ఇసుక మంచిదే, దగ్గర ఉంచుకోమని కోడే అంటుంది. కానీ ఆ రాత్రికి అలా కప్పి వదిలేస్తే వేడి కిందే ఉంటుంది, పైకి ఏమీ కనబడదు. దాని మీద కాలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీళ్ళు పోయండి. ఒక్కసారిగా కాదు, పక్కనుంచి నెమ్మదిగా, ముఖం దూరంగా పెట్టి పోయండి, ఆవిరి కొడుతుంది. కర్రతో కలియబెట్టి అడుగు పైకి తెచ్చి మళ్ళీ పోయండి. చుయ్యిమనడం ఆగాలి, ఆవిరి ఆగాలి. తర్వాత అరచేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఇంకా ఆరనట్టే. మట్టితో చేసిన పిట్‌లో నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదముంది. అలాంటప్పుడు పొడవాటి పారతో బొగ్గులు ఇనుప బకెట్లోకి తీసి, నీళ్ళు అందులో పోయండి. బూడిదను తడిపి, మూతున్న ఇనుప డబ్బాలో వేసి, ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో నేల మీద కొన్ని రోజులు ఉంచండి. ఇంటికి ఆనుకుని ఉండే చెక్క డెక్ మీద వద్దు, ప్లాస్టిక్ చెత్తడబ్బాలో అసలే వద్దు.

అపోహ: "అమ్ముతున్నారంటే ఎక్కడైనా పెట్టుకోవచ్చు."

అమ్మేవాడికి మీ పెరడు ఎంతుందో తెలియదు. చాలా నగరాలు ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ అనే నమూనా నియమావళిని తమ మార్పులతో అమలు చేస్తాయి. అందులో నేల మీద వేసుకునే చిన్న మంటకు కట్టెల కుప్ప వెడల్పు 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు దాటకూడదు. ఇంటికే కాదు, అంటుకునే దేనికైనా 25 అడుగుల దూరం ఉండాలి. చెక్క కంచె, పక్కవాళ్ళ షెడ్డు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కొని తెచ్చుకునే పిట్‌కైతే 15 అడుగులు. ఒకటి రెండు కుటుంబాలుండే ఇళ్ళకు ఆ 15 అడుగుల నియమం నుంచి మినహాయింపుంది. గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది. సొంత ఇంట్లో ఉన్న స్నేహితుడు "మాకే రూలూ లేదు" అంటాడు, అది విని అపార్ట్‌మెంట్ వాళ్ళు బాల్కనీలో పెడతారు. ఆ మినహాయింపు వాళ్ళకు వర్తించదు. కొన్నిచోట్ల నగరం సొంత ఇళ్ళకు కూడా దాన్ని తీసేస్తుంది. ఏ ఇంట్లోనైనా నీళ్ళు వచ్చే గొట్టం చేతికందేలా ఉండాలి.

అపోహ: "ఒకసారి అనుమతిస్తే ఎప్పుడూ అనుమతే."

కాదు. అమెరికా వాతావరణ శాఖ నేషనల్ వెదర్ సర్వీస్ రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఇచ్చిందంటే గాలీ పొడితనమూ ప్రమాదస్థాయిలో ఉన్నాయని అర్థం, ఆ రోజు వెలిగించకండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) పెట్టే బర్న్ బ్యాన్, అంటే ఆరుబయట మంటల నిషేధం, వేరు. గాలి నాణ్యత కోసం పెట్టే నిషేధం ఇంకోటి: శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో సన్న ధూళికణాల కాలుష్యం మీద స్పేర్ ద ఎయిర్ అనే హెచ్చరిక ఉన్న రోజున కట్టెల మంట పెరట్లో కూడా నిషిద్ధం. గ్యాస్ పిట్‌లకు నిప్పురవ్వలు ఉండవు కాబట్టి చాలా నిషేధాల్లో వదిలేస్తారు, అయినా ఆ రోజు ప్రకటన చదివాకే వెలిగించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం హెచ్‌ఓఏ ఒప్పుకున్నంత మాత్రాన నగరం ఒప్పుకున్నట్టు కాదు, నగరం ఒప్పుకున్నా హెచ్‌ఓఏ కాదనవచ్చు. చెత్త, రంగు వేసిన చెక్క, పాత డెక్ పలకలు కాల్చకండి. 2003 చివరిదాకా ఇళ్ళకు వాడిన, పుచ్చకుండా మందు పట్టించిన చెక్కల్లో చాలావాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉండేది, కాలిస్తే అది పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. పెట్రోలు ఒక్క చుక్క కూడా పోయొద్దు. బల్ల మీద పెట్టుకుని ఆల్కహాల్ పోసి వెలిగించే చిన్న పిట్‌లు ఇంట్లో ఉంటే వాడటం ఆపేయండి: మంట ఉందో లేదో కనబడక మళ్ళీ పోస్తారు, అది సీసాదాకా పాకుతుంది. ఇలా గిన్నెలో పోసి వెలిగించేవి వాడొద్దని 2024 డిసెంబరులో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ హెచ్చరించింది.

ఫోన్ చేస్తే పేరు రాసుకుని ఫైన్ వేస్తారేమోనని భయపడి అడగనివాళ్ళు చాలామంది ఉన్నారు. అలా వేయరు. అత్యవసర నంబరు 911కు కాదు, ఫైర్ డిపార్ట్‌మెంట్ మామూలు నంబరుకు చేసి మూడు అడగండి: నా చిరునామా నగరం కిందికి వస్తుందా, కౌంటీ కిందికా? నా రకం పిట్‌కు ఎంత దూరం కావాలి, పర్మిట్ అవసరమా? ఈ రోజు నిషేధం ఏమైనా ఉందా?