మందు మానిన మూడో రోజు: తాగుడు వైద్యంలో అపోహలు, వాస్తవాలు

కార్తీకం వచ్చిందంటే మా ఓపీకి ఒక రకం కేసు తప్పకుండా వస్తుంది. నల్ల బట్టలు, మెడలో మాల, ఒళ్ళంతా చెమట, గ్లాసు పట్టుకోలేనంతగా చేతుల వణుకు. ఇద్దరు స్వాములు చెరో జబ్బా పట్టుకుని తీసుకొస్తారు. "స్వామికి గాలి సోకినట్టుంది డాక్టర్ గారూ, రాత్రంతా గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతూనే ఉన్నాడు" అంటారు. మాల వేసుకుని ఎన్నాళ్ళయిందని అడుగుతాను. మూడు రోజులు. అంతకుముందు రోజుకు ఎంత తాగేవారని అడిగితే స్వాములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

జిల్లా కేంద్రంలో మానసిక వైద్యం చేస్తున్న నాకు ఈ మూడో రోజు గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

అపోహ: గట్టిగా అనుకుంటే ఒక్క రోజులో మానేయొచ్చు

మందు మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడి మెదడు ఆ మత్తుకు ఎదురీదుతూ పనిచేయడం నేర్చుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగిపోయినా ఎదురీత మాత్రం వెంటనే ఆగదు. మొదటి రోజే వణుకు, చెమట, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదురుతుంది. అయినవాళ్ళను గుర్తుపట్టరు, లేనివి కనిపిస్తాయి, గుండె దడదడలాడుతుంది, జ్వరం వస్తుంది. ఇది గాలీ కాదు, ధూళీ కాదు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

తాగే ప్రతివాడికీ ఇలా అవుతుందని కాదు. కానీ రోజూ తాగేవాళ్ళు, పొద్దున్నే ఒక నైంటీ పడితే గానీ చేతుల వణుకు తగ్గనివాళ్ళు, గతంలో ఫిట్స్ వచ్చినవాళ్ళు ఇంట్లో సొంతంగా ఒక్కసారే మానేయకూడదు. ముందు డాక్టరును కలవాలి. మెదడును శాంతపరిచే క్లోర్‌డయాజెపాక్సైడ్ లేదా లోరాజెపామ్ లాంటి మాత్రలు మొదలుపెట్టి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తాం.

ఇక్కడే ఇంకో మాట. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో గ్లూకోజు సీసా ఎక్కించి పంపుతుంటారు. బాగా తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. అందుకే మేం ముందు థయమిన్, అంటే ఆ బి1 విటమిన్, ఇంజెక్షన్ ఇస్తాం. "సీసా ఎప్పుడు పెడతారు?" అని బంధువులు గొడవ చేసినా సరే.

2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు రాత్రికి రాత్రి మూతపడ్డాయి. కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు పోటెత్తారు. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లు కథా ఇదే. అందులో కలిపే అల్ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు పదార్థాలకు ఒళ్ళు అలవాటుపడుతుంది. కల్లు దొరకని రోజున ఫిట్స్, పిచ్చి మాటలు. వాళ్ళ ఇళ్ళల్లో అడిగితే "మందు ముట్టడు, కల్లే తాగుతాడు" అంటారు.

అపోహ: మాలలో 41 రోజులు మానగలిగాడు, కాబట్టి వ్యసనం లేనట్టే

భార్యలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అయ్యప్ప కోసం మానాడు కదండీ, పిల్లల కోసం మానలేడా?"

మాలలో ఏముందో చూడండి. తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం, రెండు పూటలా పూజ, సాయంత్రం భజన, చుట్టూ తోటి స్వాములు. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాడు కూడా "స్వామీ" అంటాడు. ఎంత దగ్గరి స్నేహితుడైనా గ్లాసు చేతికివ్వడు. దినచర్య, తోడు, గౌరవం మూడూ ఒకేసారి దొరికాయి. నిజానికి మంచి డీఅడిక్షన్ వైద్యం చేయబోయేది కూడా అదే. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీయగానే ఆ మూడూ ఒకేసారి పోతాయి. బెల్టు షాపు మాత్రం అక్కడే ఉంటుంది.

అందుకని మాలలో వచ్చినవాళ్ళకు నేను మాల తీసే మర్నాటికే అపాయింట్‌మెంట్ రాసిస్తాను. మనసు అటు లాగడం తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఎవరికేది నప్పుతుందో తేల్చి మొదలుపెడతాం.

అపోహ: బీరు మందు కాదు

లెక్క చూద్దాం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో 42.8 శాతం చొప్పున సుమారు 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం అనుకుంటే 52. రెండు బీర్లు తాగినవాడు క్వార్టర్ దాటేశాడు.

అపోహ: తెలియకుండా అన్నంలో పొడి కలిపితే మానేస్తాడు

దయచేసి ఈ పని చేయకండి. ఇలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాడైతే చనిపోవచ్చు. ఆపేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. మేమూ ఈ డైసల్ఫిరామ్ వాడతాం, కానీ రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే.

పైగా దొంగచాటుగా కలిపిన సంగతి ఏదో ఒక రోజు బయటపడుతుంది. ఆ తర్వాత అతను ఇంట్లో మంచినీళ్ళు కూడా అనుమానంగా చూస్తాడు. అలా చెడిన ఒక కాపురాన్ని ఇప్పటికీ సర్దుతున్నాను.

అపోహ: ఆర్నెల్లు డీఅడిక్షన్ సెంటర్లో పడేస్తే దారికొస్తాడు

ఒకతను చొక్కా విప్పితే వీపు మీద బెల్టు వాతలు చూశాను. ఏదో సెంటర్లో "క్రమశిక్షణ" నేర్పారట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టేయడం నిషేధం. తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఆ చట్టం కిందికే వస్తాయి. ఇష్టం లేనివాణ్ణి చేర్చుకోవడానికి షరతులున్నాయి. మొదటి విడత 30 రోజులు మించకూడదు. చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ డాక్టరు వస్తారా, మీరు వెళ్ళి చూడొచ్చా అని అడగండి. చూడనివ్వం అన్నారంటే వెనక్కి వచ్చేయండి.

అపోహ: టెన్షన్ వల్లే తాగుతున్నాడు, టెన్షన్ పోతే తాగుడూ పోతుంది

తాగుడు కూడా దిగులు పుట్టిస్తుంది. మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి దిగులు దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే దానికి విడిగా మందులిస్తాం. అవి మత్తు మాత్రలు కావు, అలవాటుపడతారన్న భయం అక్కర్లేదు. చచ్చిపోతానని అంటుంటే మాత్రం వారాల కోసం ఆగకూడదు, ఆ రోజే తీసుకురావాలి. అర్ధరాత్రి అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. వ్యసనాలకైతే 14446.

అపోహ: మళ్ళీ తాగాడంటే వైద్యం దండగ

షుగరు పెరిగినవాణ్ణి ఎవరూ ఆస్పత్రి నుంచి తరిమేయరు. తాగుడు రోగి మాత్రం సిగ్గుతో తనే రాడు. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు.

పదకొండు నెలలు చుక్క ముట్టని ఒకతను బావమరిది పెళ్ళిలో ఒక్క బీరు తాగాడు. వారం తిరిగేసరికి మళ్ళీ రోజుకో క్వార్టర్. భార్య ఒక్కతే లోపలికొచ్చి, "మీకు మొహం చూపించలేనంటున్నాడండీ, బయట బెంచీ మీద కూర్చున్నాడు" అంది. నేనే లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. పదకొండు నెలలు ఎలా గడిచాయో అడిగాను, ఆ ఒక్క రాత్రి గురించి కాదు. భోజనాల తర్వాత మేడ మీద కుర్చీలు వేసినప్పుడే తనకు తెలిసిపోయిందని అతనే చెప్పాడు. వచ్చే మాఘమాసంలో ఆ ఇంట్లోనే ఇంకో పెళ్ళి ఉంది. తలంబ్రాలు అవగానే ఇద్దరూ బస్సెక్కేయాలని మందుల చీటీ వెనక రాసుకున్నాం.